కుదించిన మాట, మార్చిన ఫైలు

సెల్‌ఫోనులో రికార్డు చేసిన సంభాషణ, డాక్టరు చేతి రికార్డరులో చెప్పి పంపిన రోగి వివరాలు, కాల్‌సెంటర్ సర్వర్‌లో దాచిన ఫిర్యాదు, వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్, ఇవన్నీ వినడానికి మాటలే అయినా, నిల్వ ఉన్న తీరులో ఒకదానికొకటి పొంతన లేనివి. అందువల్లనే ఒక పరికరంలో చక్కగా వినిపించిన ఫైలు మరో పరికరంలో తెరుచుకోదు, తెరుచుకునేలా చేయాలంటే దాన్ని వేరే రూపంలోకి మార్చవలసి వస్తుంది. ఈ పని చేసే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి, ఒక బటను నొక్కితే కొత్త ఫైలు తయారవుతుంది. ఆ నొక్కుడు వెనుక జరిగేదేమిటో తెలియనందువల్ల, మార్చిన ఫైలు పాతదానికి పది రెట్లు పెరిగినా ధ్వని రవ్వంతైనా మెరుగుపడలేదేమని కొందరు, మార్చిన తరువాత మాట మరింత ముద్దగా వినిపిస్తున్నదేమని మరికొందరు ఆశ్చర్యపోతుంటారు. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట, అంటే మాటను మొదట ఎలా కుదించారన్న విషయంలోనే ఉన్నది.

గాలిలో వ్యాపించే పీడన తరంగాన్ని మైక్రోఫోను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని సమాన వ్యవధుల్లో కొలుస్తూ ప్రతి కొలతనూ ఒక సంఖ్యగా రాసుకుంటే అది డిజిటల్ ధ్వని అవుతుంది, ఆ ఒక్కొక్క కొలతను నమూనా అంటారు. సెకనుకు ఎన్ని నమూనాలు తీస్తే, అందులో సగం సంఖ్యకు లోబడిన పౌనఃపున్యాలు మాత్రమే నమ్మకంగా నమోదవుతాయన్నది ఈ శాస్త్రానికి పునాది సూత్రం. టెలిఫోను వ్యవస్థలు సెకనుకు 8,000 నమూనాలు తీసుకోవడం వల్ల 4,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వని వాటిలో మొదటనే లేకుండా పోతుంది. ఆచరణలో పాత టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే వినిపించేది. ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు కేటాయిస్తే సెకనుకు 1,28,000 బిట్లు, నిమిషానికి 9,60,000 బైట్లు అవసరమవుతాయి. ఏ కుదింపూ లేకుండా నమూనాలను వరుసగా పేర్చిపెట్టే ఈ పద్ధతిని పల్స్ కోడ్ మాడ్యులేషన్ అనీ, క్లుప్తంగా పీసీఎం అనీ పిలుస్తారు.

ఆ 4,000 హెర్ట్జ్ హద్దు తెలుగు మాటకు ఏం చేస్తుందో ఇక్కడే చూడటం మంచిది. అచ్చుల బలం ఎక్కువగా ఈ హద్దుకు దిగువనే ఉంటుంది గనుక ఎవరు మాట్లాడుతున్నారో, ఏ అచ్చు పలికారో ఫోనులో ఇట్టే తెలుస్తుంది. ఊష్మాల సంగతి వేరు. పళ్ళ వెనుక నుంచి గాలి రాపిడితో పుట్టే 'స'కారపు శక్తిలో పెద్ద భాగం 4,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. 'శ', 'ష'ల శక్తి కొంత కిందికి దిగినా, ఈ మూడింటినీ వేరుచేసే ఆధారాలు పైభాగంలోనే దట్టంగా ఉంటాయి. 'ఫ్యాను', 'ఫీజు' వంటి మాటల్లో పెదవిని పంటితో నొక్కి పలికే హల్లు ఇంకా బలహీనమైనది. ఫోనులో కొత్త పేరు చెప్పేటప్పుడు ఒక్కొక్క అక్షరానికీ ఒక ఊరి పేరో వస్తువు పేరో జోడించవలసి రావడానికి కారణం వినేవారి చెవి కాదు, తరంగంలో ఆ అక్షరపు ఆనవాలు చేరకపోవడమే. తెలిసిన మాటల్లో ఈ లోటును సందర్భం పూరిస్తుంది గాని, ఇంటిపేర్లకు, మందుల పేర్లకు సందర్భం సాయపడదు.

పీసీఎం పద్ధతిలో మాటను పంపడం ఖర్చుతో కూడినది కావడంతో దాన్ని తగ్గించే ప్రయత్నాలు చాలాకాలంగా సాగుతున్నాయి. 1972లో ప్రమాణంగా వచ్చిన జీ.711 పద్ధతి, చిన్న ధ్వనులకు సన్నని మెట్లు, పెద్ద ధ్వనులకు వెడల్పు మెట్లు కేటాయించి ఒక్కొక్క నమూనాను 8 బిట్లలో ఇమిడ్చింది. సెకనుకు 64,000 బిట్లు తీసుకునే ఈ పద్ధతిలో రెండు రకాలున్నాయి. అమెరికా, జపాన్‌లలో మ్యూ-లా, భారతదేశంతో సహా చాలా దేశాల్లో ఏ-లా వాడుకలో ఉన్నాయి. దీనికి ఒక మంచి గుణం ఉన్నది. ఏ-లా ఫైలును 16 బిట్ల పీసీఎంగా విప్పి, ఏ మార్పూ చేయకుండా తిరిగి ఏ-లాగా కుదిస్తే, మొదటి బైట్లే యథాతథంగా తిరిగి వస్తాయి. ఆ తరువాత మాటను మరింత కుదించేందుకు వచ్చిన పద్ధతుల్లో చాలావాటికి ఈ భాగ్యం లేదు.

మరింత కుదించాలంటే తరంగాన్ని కాక, ఆ తరంగాన్ని పుట్టించిన నోటిని వర్ణించాలన్న ఆలోచన రావలసి వచ్చింది. బెల్ లేబొరేటరీస్‌లో హోమర్ డడ్లీ ఈ దారిలో నడిచారు. ఆయన రూపొందించిన, మీటలతో మాట్లాడించే వోడర్ యంత్రాన్ని 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుంచారు. స్వరతంత్రుల కంపనం ఒక వైపు, గొంతు మొదలు పెదవుల దాకా ఉన్న మార్గపు ఆకృతి మరో వైపు పెట్టి, మొదటిదాన్ని ధ్వనిమూలంగానూ రెండోదాన్ని జల్లెడగానూ భావిస్తే, నోటి ఆకృతి తరంగమంత వేగంగా మారదు కాబట్టి దాన్ని సెకనుకు కొన్ని పదుల సార్లు చెప్పినా సరిపోతుంది. 1960ల మధ్యలో జపాన్‌లో ఇతాకురా, సైతో, అమెరికాలో కాన్పూర్‌కు చెందిన బిష్ణు అటల్, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఈ జల్లెడను లెక్కగట్టే ఉపాయాన్ని దాదాపు ఒకే కాలంలో పట్టుకున్నారు. ప్రతి నమూనానూ దానికి ముందున్న కొన్ని నమూనాల నుంచి ఊహించడమే ఆ ఉపాయం, దీన్ని రేఖీయ ప్రాగుక్తి అంటారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి 1961లో బెల్ లేబొరేటరీస్‌లో చేరిన అటల్, 1985లో ష్రోడర్‌తో కలిసి సెల్ప్ అనే పద్ధతిని ప్రకటించారు. ఊహకు అందక మిగిలిపోయిన శేషాన్ని నేరుగా పంపకుండా, ముందే తయారుచేసి పెట్టుకున్న చిన్న తరంగాల పట్టికలోంచి చెవికి అత్యంత దగ్గరగా తోచేదాన్ని ఏరి, దాని క్రమసంఖ్యను మాత్రమే పంపడం ఇందులోని కిటుకు. ఆనాటి క్రే-1 సూపర్ కంప్యూటర్‌కు ఒక్క సెకను మాటను ఇలా కుదించడానికి రెండు నిమిషాలకు పైగా పట్టింది. ఇప్పుడు జేబులోని ఫోను అదే వర్గానికి చెందిన లెక్కను మాట్లాడుతుండగానే చేసేస్తున్నది.

ఇలా కుదించిన ఫైలులో ధ్వని ఉన్నదనడం కంటే ధ్వనిని తిరిగి పలికించే సూచనలు ఉన్నాయనడం సరైన మాట. కీర్తనకు రాసుకున్న స్వరలిపిని చూసి మరొక గాయకుడు పాడినప్పుడు వినిపించేది కీర్తనే అయినా మొదటి కచేరీ కానట్టే, డీకోడర్ అనే ప్రోగ్రాము ఈ సూచనలను చదివి కొత్త తరంగాన్ని నిర్మిస్తుంది. నమూనా నమూనాకూ పోల్చి చూస్తే ఆ తరంగం మైక్రోఫోను అందుకున్నదానితో సరిపోలదు, సరిపోలాలని దాన్ని రూపొందించనూ లేదు.

పాత సెల్‌ఫోను రికార్డింగులలో తరచుగా కనిపించే ఏఎంఆర్ ఫైలును తెరిచి చూస్తే ఇది స్పష్టమవుతుంది. 1990ల చివర సెల్‌ఫోను వ్యవస్థల కోసం ప్రమాణీకరించిన ఈ పద్ధతికి సెకనుకు 4,750 బిట్ల నుంచి 12,200 బిట్ల వరకు ఎనిమిది స్థాయిలున్నాయి. సిగ్నలు బలహీనపడినప్పుడు మాటకు తక్కువ బిట్లు, దోషరక్షణకు ఎక్కువ బిట్లు కేటాయించేందుకు ఈ ఏర్పాటు చేశారు. మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు, ఒక్కొక్క ముక్కను ఫ్రేమ్ అంటారు. ఒక ఫ్రేమ్‌లో 160 నమూనాలు, అంటే పీసీఎం లెక్కలో 2,560 బిట్లు ఉంటే, ఏఎంఆర్ పై స్థాయి దాన్ని 244 బిట్లలో సరిపెడుతుంది. అందులో నోటి ఆకృతిని చెప్పే జల్లెడకు 38 బిట్లు, గొంతు కంపనపు ఆవర్తనానికి 30 బిట్లు, రెండు రకాల బలాలను సూచించడానికి 36 బిట్లు పోగా, మిగిలిన 140 బిట్లు ఊహకు అందని శేషానికే ఖర్చవుతాయి. ఫ్రేమ్‌ను 5 మిల్లీసెకన్ల నాలుగు భాగాలు చేసి, 40 నమూనాల ఒక్కొక్క భాగంలో పది స్పందనలను ఏయే స్థానాల్లో, ధనంగానా రుణంగానా ఉంచాలో ఆ బిట్లు చెబుతాయి. మనిషి మాటలో ఊహించదగినది చాలా ఉన్నా, బిట్లలో సగానికి పైగా ఊహించలేని భాగానికే పోతున్నాయన్నది గమనించదగ్గ విషయం. గొంతును గుర్తుపట్టించే సొంపు కొంత అక్కడా ఉంటుంది.

ఈ నిర్మాణం ఒక్క గొంతును దృష్టిలో పెట్టుకుని చేసినది. నాదస్వరం, డోలు కలిసి మోగే కాలర్ ట్యూను ఫోనులో గరగరలాడుతూ వినిపించడానికి కారణం, ఒకే నోటికి సరిపడే జల్లెడలో అన్ని వాద్యాలను ఒకేసారి ఇరికించవలసి రావడమే. ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట కూడా ఇదే ఇబ్బంది ఎదురవుతుంది.

ఏఎంఆర్ ఫైలు నిర్మాణం చాలా సాదాసీదా. మొదటి ఆరు బైట్లు ఫైలు జాతిని చాటే సంతకం, ఆపైన ఫ్రేములు ఒకదాని వెంట ఒకటి. ప్రతి ఫ్రేమ్ ముందు ఒక బైటు దాని స్థాయిని చెబుతుంది. ఆ బైటు విలువ 60 అయితే వెనుక 12,200 స్థాయికి చెందిన 31 బైట్లు వస్తాయి, విలువ 4 అయితే అత్యల్ప స్థాయికి చెందిన 12 బైట్లు వస్తాయి. పై స్థాయిలో సెకనుకు 50 ఫ్రేములు, ఫ్రేమ్‌కు 32 బైట్లు, అంటే నిమిషానికి 96,000 బైట్లు. ఇదే నిమిషాన్ని పీసీఎంలోకి మారిస్తే 9,60,000 బైట్లు కావడం చూస్తే, ఆరంభంలో చెప్పిన పది రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుస్తుంది. పెరిగిన బైట్లలో కొత్త సమాచారం ఒక్క బిట్టు కూడా లేదు. సూచనలను విప్పి తరంగంగా పరిచినందుకు పట్టిన చోటు మాత్రమే అది.

మార్పిడిలో ఎక్కువ తికమకకు కారణమయ్యేది కోడెక్‌కూ కంటెయినర్‌కూ గల తేడా. మాటను కుదించి విప్పే లెక్క కోడెక్. ఆ లెక్క ఫలితాన్ని, దాని వివరాలతో సహా, ఫైలుగా అమర్చే ఒరవడి కంటెయినర్. ఫైలు పేరు చివర ఉన్న తోక సాధారణంగా కంటెయినర్‌ను సూచిస్తుంది గాని కోడెక్‌ను కాదు. వేవ్ ఫైలు అనగానే కుదింపు లేని పీసీఎం అనుకోవడం అలవాటు, నిజానికి మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు 1991లో తెచ్చిన ఈ కంటెయినర్‌లో ఏ కోడెక్‌నైనా పెట్టవచ్చు. ఫైలు ఆరంభంలో ఉండే ఒక సంఖ్య లోపలి సరుకు ఏమిటో చెబుతుంది. 1 అంటే పీసీఎం, 6 అంటే ఏ-లా, 7 అంటే మ్యూ-లా, 49 అంటే జీఎస్ఎం సెల్‌ఫోను కోడెక్, 85 అంటే ఎంపీ3. కాల్‌సెంటర్ రికార్డింగుల్లో 49 సంఖ్య గల వేవ్ ఫైళ్ళు తరచుగా తగులుతాయి. పేరు చూసి నమ్మి వాటిని తెరిచిన ప్రోగ్రాము దోషం చూపిస్తే, ఫైలు పాడైపోయిందని పొరబడటం మామూలే.

కంటెయినర్‌ను మాత్రమే మార్చవలసి వచ్చినప్పుడు మాటకు ఏ నష్టమూ జరగనక్కరలేదు. పాత జీఎస్ఎం కోడెక్ 20 మిల్లీసెకన్లకు 260 బిట్లు ఇస్తుంది. విడి ఫైలుగా దాచేటప్పుడు ముందు నాలుగు బిట్ల గుర్తు చేర్చి 33 బైట్లు చేస్తారు, వేవ్ ఫైలులో పెట్టేటప్పుడు రెండు ఫ్రేములను పక్కపక్కన పేర్చి 65 బైట్లుగా సర్దుతారు. ఒక అమరిక నుంచి రెండో అమరికకు మారడం బిట్లను అటూ ఇటూ జరపడమే కాబట్టి, మాటను విప్పవలసిన పనే లేదు. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ వంటి ప్రోగ్రాములకు కోడెక్ జోలికి పోకుండా యథాతథంగా నకలు తీయమని చెప్పే వీలుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్ 2000లో ప్రారంభించిన ఈ ఉచిత ప్రోగ్రామే, పైకి వేరే పేర్లతో కనిపించే అనేక కన్వర్టర్లలో అంతర్భాగంగా పనిచేస్తున్నది. యథాతథ నకలు సాధ్యమైన చోట కూడా, అడగకపోతే అది మాటను విప్పి మళ్ళీ కుదిస్తుందన్న సంగతి వాడేవారిలో చాలామందికి తెలియదు.

విప్పక తప్పనప్పుడు మార్పిడి మూడు దశల్లో సాగుతుంది. మొదట డీకోడర్ సూచనలను తరంగంగా మారుస్తుంది. తరువాత, అవసరమైతే, సెకనుకు ఉండే నమూనాల సంఖ్యను మారుస్తారు. చివరగా కొత్త కోడెక్‌తో కుదిస్తారు. మధ్య దశ చూడటానికి చిన్నదే గాని, నాసిరకం కన్వర్టర్లు చెడగొట్టేది ఎక్కువగా ఇక్కడే. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 నమూనాలతో రికార్డు చేసిన ఉపన్యాసాన్ని టెలిఫోను స్థాయికి, అంటే 8,000 నమూనాలకు దించాలనుకుందాం. ప్రతి 441 నమూనాలకు బదులు 80 మాత్రమే మిగలాలి. మధ్యలో ఉన్నవాటిని ఊరికే పారేస్తే, 4,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులు పోవడానికి బదులు కిందికి మడతపడి కొత్త వేషంలో తిరిగి వస్తాయి. 5,000 హెర్ట్జ్ ధ్వని 3,000 వద్ద, 7,000 హెర్ట్జ్ ధ్వని 1,000 వద్ద ప్రత్యక్షమవుతుంది. 'స' పలికిన ప్రతిసారీ అచ్చుల నడుమ గరుకైన చప్పుడు చొరబడుతుంది. అలా చేరినదాన్ని తరువాత ఏ వడపోతా పూర్తిగా తీయలేదు. ముందుగా 4,000 పైన ఉన్నదాన్ని శుభ్రంగా కత్తిరించి ఆ తరువాత నమూనాలను తగ్గించడమే పద్ధతి, మంచి ప్రోగ్రాములన్నీ అదే చేస్తాయి. తిరుగు ప్రయాణంలో, 8,000 నుంచి 44,100కు పెంచినప్పుడు, మడతల గొడవ ఉండదు గాని, 4,000 హెర్ట్జ్ పైభాగం ఖాళీగానే మిగిలిపోతుంది.

ఇక కొత్త కోడెక్ ఎంపిక. ఏఎంఆర్ ఫైలును ఎంపీ3గా మార్చడం చాలా తరచుగా జరిగే మార్పిడి, సాంకేతికంగా చూస్తే అన్నిటికంటే ఆలోచన తక్కువైనదీ అదే. ఎంపీ3కి నోటి నమూనా లేదు, అది వినేవారి చెవి ఆధారంగా పనిచేస్తుంది. బలమైన ధ్వని పక్కన వినిపించకుండా మరుగున పడే చిన్న ధ్వనులకు బిట్లు తగ్గించడం దాని నేర్పు, సంగీతానికి అది బాగా కుదిరింది. ఏఎంఆర్ డీకోడర్ పుట్టించిన తరంగంలో మనిషి మాటతో పాటు ఏఎంఆర్ సొంత గరుకుదనం కూడా ఉంటుంది. ఎంపీ3 ఆ రెంటినీ వేరుచేయలేక, గరుకుదనాన్ని కూడా శ్రద్ధగా కుదించి, తన సొంత మచ్చలను దానిపై చేరుస్తుంది. సెకనుకు 1,28,000 బిట్లు ఇస్తే ఆ మచ్చలు చెవికి తెలియవు, కాని అప్పుడు ఫైలు కుదింపు లేని పీసీఎం అంతే ఉంటుంది కనుక కుదించినందుకు ఫలితమే లేదు. బిట్లు తగ్గించేకొద్దీ మాట నీళ్ళలో మునిగినట్టు మోగుతుంది. ఇలా ఒక కోడెక్ ఫలితాన్ని మరో కోడెక్‌కు అప్పగించిన ప్రతిసారీ నష్టం పేరుకుపోతుంది. తొలి మార్పిడిలో పట్టనంత స్వల్పంగా ఉన్నది, ఫోను నుంచి ఫోనుకు, యాప్ నుంచి యాప్‌కు మారుతూ పోయిన క్లిప్పులో మాటను మింగేసే స్థాయికి చేరుతుంది.

ఎందుకు మారుస్తున్నారన్నదే ఇక్కడ నిర్ణయించవలసినది. వినడానికో, అక్షరబద్ధం చేయడానికో, పరిశోధనకో అయితే, ఒక్కసారి విప్పి పీసీఎంగా ఉంచుకోవడం మేలు. చోటు కరువైతే 2001లో వచ్చిన ఫ్లాక్ కోడెక్ ఏ నష్టమూ లేకుండా దాన్ని చెప్పుకోదగినంత కుదిస్తుంది. ఇతరులకు పంపడానికైతే 2012లో ప్రమాణంగా వెలువడిన ఓపస్ నేటి కోడెక్‌లలో మాటకు బాగా అనువైనది. స్కైప్ వారి సిల్క్ కోడెక్‌ను, జిఫ్ సంస్థ వారి సెల్ట్ కోడెక్‌ను కలిపి చేసిన ఇది తక్కువ బిట్ల వద్ద నోటి నమూనాతో, ఎక్కువ బిట్ల వద్ద సంగీతానికి తగిన లెక్కతో పనిచేస్తుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఆగ్ అనే కంటెయినర్‌లో ఉంచిన ఓపస్ ఫైళ్ళే. వాటిని పరిశీలనా ప్రోగ్రాములలో తెరిస్తే సెకనుకు 48,000 నమూనాలని చూపిస్తుంది, దాన్ని చూసి స్టూడియో స్థాయి ధ్వని అనుకోకూడదు. లోపల ఎంత ఉన్నా ఓపస్ కాలాన్ని ఎప్పుడూ 48,000 లెక్కలోనే కొలుస్తుంది.

మార్పిడిలో చెడిపోయేది ధ్వని ఒక్కటే కాదు, కాలం కూడా. మాట్లాడేవారు ఆగినప్పుడు బిట్లు దుబారా కాకుండా ఏఎంఆర్ ఎనిమిది ఫ్రేములకు ఒకసారి మాత్రమే నేపథ్యపు హోరు ఏ తీరున ఉందో క్లుప్తంగా చెప్పి, మిగిలిన ఏడింటినీ ఖాళీ ఫ్రేములుగా వదలగలదు. డీకోడర్ ఆ వర్ణన ఆధారంగా కృత్రిమ హోరును పుట్టించి ఖాళీలను నింపుతుంది. దీన్ని ఉపశమన శబ్దం అనవచ్చు, పూర్తి నిశ్శబ్దం వినిపిస్తే ఫోను తెగిపోయిందని అవతలివారు అనుకోకుండా చేసిన ఏర్పాటు ఇది. ఖాళీ ఫ్రేములను లెక్కచేయని కన్వర్టరు ఆ విరామాలను మింగేసి సంభాషణను కుదించివేస్తుంది, అలా చేసిన ఫైలులో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఆలోచించిన వ్యవధి మాయమవుతుంది. ఖాళీలను సరిగ్గా నింపిన ఫైలులో కూడా, విరామంలో వినిపించే హోరు గదిలోనిది కాదని గుర్తుంచుకోవలసి ఉంటుంది. నేపథ్యంలో ఫ్యాను తిరుగుతున్నదా లేదా అని దాన్ని బట్టి వాదించబోతే ఆధారం నిలవదు. ఇంకా చిన్న స్థాయిలో, ఎంపీ3గా మార్చినప్పుడు ఫైలు మొదట సుమారు 25 మిల్లీసెకన్ల నిశ్శబ్దం చేరే అవకాశం ఉన్నది. వినేవారికి ఇది లెక్కలోనిది కాదు గాని, మాటకు అక్షరాలను కాలం వారీగా జోడించే పనిలో ఒక హల్లు మేర జరుగుబాటు అవుతుంది.

ఫైలుతో పాటు ప్రయాణించే వివరాల విషయంలో డిక్టేషన్ రికార్డింగులు మంచి ఉదాహరణ. గ్రుండిగ్, ఒలింపస్, ఫిలిప్స్ కలిసి 1990లలో రూపొందించిన డీఎస్ఎస్ అనే రూపంలో, చెప్పిన వ్యక్తి గుర్తు, పని అత్యవసరమా కాదా అన్న సూచన, ఎక్కడ అదనపు ఆదేశం ఇచ్చారో తెలిపే గుర్తులు మాటతో కలిసే ఉంటాయి. 1990ల చివర నుంచి హైదరాబాదులో విస్తరించిన మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ కార్యాలయాల్లో, అమెరికా డాక్టర్లు పగలు చెప్పిన వివరాలను ఇక్కడివారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్‌తో వెనక్కూ ముందుకూ జరుపుకుంటూ టైపు చేసిన రోజుల్లో ఇటువంటి ఫైళ్ళు కూడా చేతులు మారేవి. డీఎస్ఎస్‌ను వేవ్‌గా మారిస్తే మాట నిలుస్తుంది, ఈ వివరాలు సాధారణంగా రాలిపోతాయి. అత్యవసరమన్న గుర్తు పోయిన ఫైలు వరుసలో చివరికి చేరే ప్రమాదం ఉండేది గనుక, పని తెలిసినవారు ఆ వివరాలను ఫైలు పేరులోనే చేర్చి పంపేవారు.

సాక్ష్యం విషయానికి వస్తే ఇవన్నీ ఒకచోట కలుస్తాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 2023, 63వ విభాగం కింద డిజిటల్ రికార్డుతో జతచేయవలసిన ధ్రువపత్రంలో ఆ ఫైలు హ్యాష్ విలువనూ, దాన్ని లెక్కించిన పద్ధతినీ రాయవలసి ఉంటుంది. ఫైలులోని బైట్లన్నిటి నుంచీ లెక్కగట్టే చిన్న సంఖ్యే హ్యాష్, ఒక్క బిట్టు మారినా అది పూర్తిగా మారిపోతుంది. ఏఎంఆర్‌ను వేవ్‌గా మార్చి వినిపిస్తే వినేవారికి సౌకర్యమే గాని, ఆ వేవ్ ఫైలు హ్యాష్‌కు అసలు ఫైలు హ్యాష్‌తో సంబంధం ఉండదు. పైగా, ఒకే ఏఎంఆర్ ఫైలును రెండు వేర్వేరు ప్రోగ్రాములతో విప్పితే వచ్చే రెండు వేవ్ ఫైళ్ళ హ్యాష్‌లు కూడా కలవకపోవచ్చు. ప్రమాణం పూర్ణాంకాలతో ఖచ్చితమైన డీకోడర్‌ను నిర్వచించినా, కొన్ని ప్రోగ్రాములు దశాంశ లెక్కతో విప్పుతాయి కాబట్టి నమూనాల చివరి అంకెల్లో తేడాలు వస్తాయి. చెవికి అందని ఈ తేడాను చూపి ఎవరో ఫైలును దిద్దారని ఆరోపించడం, అసలు ఫైలు చేతిలో ఉన్నంతకాలం, తేలికగా తోసిపుచ్చదగినది. అసలును చెరిపేసి మార్చిన ప్రతినే దాచుకున్నవారికి ఆ వెసులుబాటు ఉండదు.

మాటను అక్షరాలుగా మార్చే నేటి యంత్రాలలో ఎక్కువ భాగం సెకనుకు 16,000 నమూనాలను కోరుకుంటాయి. టెలిఫోను రికార్డింగును ఆ సంఖ్యకు పెంచి ఇస్తే అవి తీసుకుంటాయి గాని, 4,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య ఏమీ లేని ధ్వనిలో 'స', 'ఫ'ల వద్ద తడబడటం మానవు. ఆ ఖాళీని న్యూరల్ నెట్‌వర్కులతో నింపి మాటకు మెరుపు తెచ్చే ప్రోగ్రాములు కూడా వచ్చాయి. ఎన్నో గొంతులను విని నేర్చుకున్న అలవాటుతో అవి ఒక 'స'కారాన్ని సృష్టించి పెడతాయి, వినడానికి హాయిగానే ఉంటుంది, కాని అది ఆ మనిషి పలికినది కాదు. మాట్లాడినది 'శ' అయి ఉండి యంత్రం 'స' అని ఊహిస్తే, ఫలితం శుభ్రంగానూ తప్పుగానూ ఉంటుంది.

మార్చడాన్ని వాయిదా వేయకూడని సందర్భమూ ఒకటున్నది. ఏఎంఆర్, ఓపస్‌ల నిర్మాణం బహిరంగంగా ప్రచురితమైంది గనుక, వాటిని విప్పే ప్రోగ్రామును ఎప్పుడైనా ఎవరైనా తిరిగి రాయగలరు. తయారీ సంస్థ తన సొంత ప్రోగ్రాముతోనే తెరవాలని నియమం పెట్టిన రూపాల సంగతి అలా కాదు. డీఎస్ఎస్ తరువాతి తరమైన డీఎస్2లో ఫైలును పాస్‌వర్డుతో తాళం వేసే సౌకర్యం ఉన్నది. అలా తాళం వేసిన రికార్డింగును, పాస్‌వర్డు తెలిసినవారు పదవిలో ఉండగా, తెరిచే ప్రోగ్రాము నడిచే కంప్యూటరు ఇంకా పనిచేస్తుండగా విప్పి, పీసీఎం ప్రతి ఒకటి తీసి అసలు ఫైలు పక్కన పెట్టుకోకపోతే, ఆ తరువాత ఎంత మంచి కన్వర్టరు దొరికినా దానికి చేయడానికేమీ ఉండదు.